నాకైతే అమీన్ సయానీయే

ఇప్పుడు మన మధ్య లేని రేడియో అనౌన్సర్లలో ఎవరి గొంతు ఇంకా గుర్తుంది, ఎందుకు అని అడిగారు. తడుముకోకుండా చెప్తాను, అమీన్ సయానీ. 2024 ఫిబ్రవరి 20న ముంబైలో పోయారు, 91 ఏళ్లు. ఆ రోజు మా అక్కచెల్లెళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని ఎంతసేపు మాట్లాడుకున్నామో, అచ్చం మా ఇంటి పెద్దాయన పోయినట్టే ఉంది.

మాది తెనాలి. బళ్లో చెప్పిన హిందీ పరీక్షలు గట్టెక్కడానికే తప్ప ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు. అయినా బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రేడియో సిలోన్ (ఇప్పటి శ్రీలంక రేడియో) పెట్టాల్సిందే, ఆయన నడిపే హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా వినాల్సిందే. సిలోన్ అంటే మాకు తెలుగులో మీనాక్షి పొన్నుదొరై, హిందీలో ఈయన. షార్ట్ వేవ్ కదా, గొంతు దగ్గరకొస్తూ దూరమైపోతూ ఉండేది, నాన్న ముల్లుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ రేడియో పక్కనే కూర్చునేవారు. పాట మధ్యలో గరగరమంటే సర్దుకునేవాళ్లం కానీ ఆయన మాట్లాడుతున్నప్పుడు వస్తే మాత్రం అందరం ఒకటే కేకలు. పాటైతే మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు వేస్తారు, ఆయన చెప్పే మాట మళ్లీ రాదు.

హిందీ రానివాళ్లకి కూడా ఆయన మాట ఎలా అర్థమయ్యేదో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వాళ్లమ్మ కుల్సుమ్ సయానీ కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ల కోసం ‘రహబర్’ అనే పత్రిక నడిపేవారు, అందులో సులువైన హిందుస్తానీని నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లోనూ అచ్చువేసేవాళ్లు. చిన్నప్పటినుంచీ ఆయన ఆ పనిలో అమ్మకి సాయం చేస్తూ పెరిగారు. అందుకే ఆయన నోట బరువైన సంస్కృతం ముక్క గానీ, గట్టి పారశీ ముక్క గానీ వచ్చేది కాదు. ‘బెహనో ఔర్ భాయియో’ అని మొదలుపెడితే చివరిదాకా మామూలు మాటలే, చిన్న చిన్న వాక్యాలే. నాకు తెలిసి మా వీధిలో సగం మందికి హిందీ వచ్చింది ఆయన వల్లే.

అసలు ఆ కార్యక్రమం అంత పాకిపోవడానికి మన ప్రభుత్వమే కారణం. 1952లో సమాచార మంత్రి అయిన కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టక, ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా చేశారు. జనం సిలోన్‌కి మళ్లారు. సరిగ్గా అదే ఏడాది డిసెంబరు 3న గీత్‌మాలా మొదలైంది, అప్పటికి సయానీగారికి 20 నిండలేదు! మొదట్లో అది పోటీ. ఏడు పాటలు కలగాపులగంగా వేస్తారు, విన్నవాళ్లు వాటిని వచ్చిన కాలాన్నిబట్టి వరసలో పెట్టి ఉత్తరం రాయాలి. మొదటి విడతకే 9 వేల ఉత్తరాలొచ్చాయని ఆయనే చెప్పేవారు. ఆ తర్వాతే రికార్డుల అమ్మకాలూ శ్రోతల సంఘాల అభిప్రాయాలూ చూసి పాటలకి ఒకటో మెట్టు, రెండో మెట్టు అంటూ స్థానాలివ్వడం మొదలైంది. ఇదంతా బొంబాయిలో రికార్డు చేసి టేపులు విమానంలో కొలంబో పంపేవాళ్లు. పేరులోని ‘బినాకా’ తర్వాత ‘సిబాకా’గా మారి, 1989లో వివిధ భారతికి వచ్చి, 1994 దాకా నడిచింది.

మా ఇంట్లో మరిచిపోలేనిది 1980 చివర్లో వేసిన ఏడాది పాటల వరస. ‘డఫ్లీవాలే’ మొదటి మెట్టెక్కింది. అది మన విశ్వనాథ్‌గారి ‘సిరిసిరిమువ్వ’నే ఆయనే హిందీలో తీసిన ‘సర్గమ్’లో పాట, తెరమీద మన జయప్రదే. మా పెద్దక్క ప్రతి వారం వరసలన్నీ పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేది, ఆ రోజు ఆ పేరు కింద ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టింది.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పాడినవాళ్లతో ఆపకుండా రాసిన కవినీ బాణీ కట్టినవాళ్లనీ శ్రద్ధగా పేరుపెట్టి చెప్పేవారు. సాహిర్, మజ్రూహ్, ఆనంద్ బక్షీ లాంటి పాటల కవులు ఎవరో మాకు అలాగే తెలిసింది. ఇవాళ ఎఫ్ఎమ్‌లో రోజంతా పాటలు వస్తాయి, రాసింది ఎవరో చెప్పేవాళ్లు ఎంతమంది? మాట్లాడే వేగం ఎంతైనా ఉండనీ, ఆ ఒక్క పేరు చెప్పడానికి రెండు సెకన్లు పట్టదు. పాటని ప్రేమించేవాళ్లెవరైనా ఆ పేరు దాటేయరు.

మీరు ఆయన్ని ఎప్పుడూ వినకపోతే సారెగమ వాళ్లు తెచ్చిన ‘గీత్‌మాలా కీ ఛావోఁ మే’ వెతకండి, పాత పాటలు ఆయన మాటలతో సహా ఉంటాయి. పాటల కోసం ముందుకి జరిపేయకండి, ముందు ఆయన మాటలే వినండి.