తిరిగి రావాల్సిన నౌక గురించి రాస్తున్న అమ్మాయికి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా అంతరిక్ష నౌక స్పేస్ షటిల్ నిర్మాణం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయం మీద తెలుగులో ఓపిగ్గా రాయాలనిపించడమే నాకు చాలా సంతోషం. సమాచారం సేకరించడంలో నీకు వంక పెట్టడానికి లేదు. ముక్కు దగ్గర మొదలుపెట్టి కాక్‌పిట్, సరుకు గది, రెక్కలు, తోక, ఇంజన్లు అన్నీ వరసగా, కొలతలతో సహా చెప్పుకుంటూ పోయావు. అయినా నాలుగో పేరా దాటేసరికి చదవడం కష్టమైంది. ఏ భాగం ఎక్కడుందో చెప్పావు. అది అక్కడే ఎందుకు ఉండాల్సి వచ్చిందో చెప్పలేదు. ఆ "ఎందుకు" లేకపోతే పాఠకుడికి విడిభాగాల జాబితా మిగులుతుంది.

ఒక్క మాట మనసులో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టు. మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాల్సిన నౌక ఇది. పైకి వెళ్లడం, అక్కడ కొన్నాళ్లు బతకడం, క్షేమంగా దిగడం - ఈ మూడు పనులూ ఒకదానితో ఒకటి పేచీ పడతాయి. ఎక్కేటప్పుడు ప్రతి కిలో భారమే. దిగేటప్పుడు వేడిని అడ్డుకునే కవచం కావాలి, అదంతా బరువు. రన్‌వే మీద దిగాలంటే రెక్కలూ చక్రాలూ కావాలి, కక్ష్యలో తిరిగినన్నాళ్లూ అవి వట్టి మోత. ఈ పేచీల్లో ఎక్కడెక్కడ ఎవరు రాజీపడ్డారో అదే ఆ నౌక నమూనా. నువ్వు రాయాల్సింది ఆ రాజీల కథ.

రెక్కల సంగతే తీసుకో. నీ వ్యాసంలో రెక్కలకు వచ్చింది ఒకే ఒక వాక్యం: "త్రికోణాకారపు డెల్టా రెక్కలు ఉంటాయి." అంతే. నిజానికి మొత్తం షటిల్ కథ అక్కడే ఉంది. అమెరికా మనుషుల్ని పంపిన తొలి నౌక మెర్క్యురీ క్యాప్సూల్‌కు రూపమిచ్చిన మాక్స్ ఫజే, షటిల్‌కు చిన్నవి, తిన్ననివి, మామూలు విమానానికి ఉండేలాంటి రెక్కలు చాలన్నాడు. అమెరికా వైమానిక దళం ఒప్పుకోలేదు. వాళ్లకు వేరే అవసరం ఉంది. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరం నుంచి ధ్రువాల మీదుగా ఎగిరి, భూమిని ఒక్క చుట్టు చుట్టి, మళ్లీ అక్కడే దిగాలి. ఆ చుట్టు తిరగడానికి గంటన్నర పడుతుంది. ఈలోగా కింద భూమి తన పని తాను చేసుకుంటూ పోతుంది, స్థావరం తూర్పుకు జరిగిపోతుంది. అంటే దిగేటప్పుడు నౌక తన దారి నుంచి పక్కకు దాదాపు 2,000 కిలోమీటర్లు జారుతూ రాగలగాలి. తిన్నటి రెక్కలతో అది అయ్యే పని కాదు. అందుకే డెల్టా రెక్కలు వచ్చాయి.

ఇక దాని వెనకాల ఏమేం వచ్చాయో చూడు. రెక్క పెద్దదయింది కాబట్టి కాలే ఉపరితలం పెరిగింది. కాలే చోటు పెరిగింది కాబట్టి అంటించాల్సిన టైల్స్, అంటే వేడిని ఆపే పలకలు, పెరిగాయి. టైల్స్ పెరిగాయి కాబట్టి ప్రతి ప్రయాణం తర్వాతా వాటిని తనిఖీ చేసే పని పెరిగింది. రెండు వారాల్లో మళ్లీ ఎగరాలని గీసుకున్న నౌకను, మొత్తం చరిత్రలో అతి తొందరగా మళ్లీ ఎగరేయడానికి కూడా 54 రోజులు పట్టింది. 1985లో అట్లాంటిస్ అనే షటిల్ సాధించింది అది. ఇంతా చేసి, వాండెన్‌బర్గ్ నుంచి ఒక్క షటిల్ కూడా ఎగరలేదు. ఎవరో అడిగిన, ఎన్నడూ వాడని ఒక అవసరం కోసం 135 ప్రయాణాలూ ఆ రెక్కల్ని మోశాయి. ఇది రాసిన రోజున నీ వ్యాసం మధ్యలో ఎవరూ లేచి వెళ్లరు.

టైల్స్ దగ్గర కాసేపు ఆగు, అవి ఆగి చూడదగ్గవి. నువ్వు "సుమారు 24,000 టైల్స్" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. ఒక్క టైల్‌ను చేతిలోకి తీసుకున్నట్టు ఊహించుకో. ఎక్కువ భాగం జానెడు కంటే చిన్న పలకలు. సిలికా పోగులతో చేసినవి, లోపల తొంభై శాతం ఖాళీయే, పట్టుకుంటే బరువే తెలియదు. వేలితో గట్టిగా నొక్కితే దెబ్బతినేంత పెళుసు. దాని కిందున్న నౌక ఒళ్లు అల్యూమినియం, దాన్ని 175 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. టైల్ పై ముఖమేమో వెయ్యి డిగ్రీలు దాటి కాలుతుంది. అల్యూమినియం వేడికి సాగుతుంది, ఎగిరేటప్పుడు వంగుతుంది. టైల్ సాగదు, వంగదు. నేరుగా అంటిస్తే పగిలిపోతుంది. అందుకని మధ్యలో మెత్తటి ఫెల్ట్ పొర వేసి అంటించారు, టైల్‌కూ టైల్‌కూ మధ్య సన్నటి సందు వదిలారు. నౌక ఒంటి వంపు చోటుచోటుకీ మారుతుంది కాబట్టి ఒక టైల్ ఇంకో చోట పట్టదు. ఒక్కోదానికీ ఒక్కో నంబరు, ఒక్కో ఆకారం. వానకు తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి కాబట్టి ప్రతి ప్రయాణం తర్వాతా నీరు పట్టని మందు ఎక్కించేవారు. ఇదంతా మనుషులు చేతులతో చేసిన పని. మళ్లీ మళ్లీ ఎగరడం అన్న మాటలో ఆ చేతుల కష్టం ఎంతుందో నీ పాఠకుడికి తెలియాలి.

బరువు ఎక్కడ పడుతుందన్న సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. మీ గుంటూరు మిర్చి యార్డులో లారీకి టిక్కీలు ఎక్కించే హమాలీలను చూసే ఉంటావు. ఏ వరస ఎక్కడ వెయ్యాలో, వెనక ఎక్కువైతే బండి ముందు తేలిపోతుందో వాళ్లకు బాగా తెలుసు. షటిల్‌లోనూ అదే తంటా. మూడు ప్రధాన ఇంజన్లూ తోకలో ఉన్నాయి, కాబట్టి బరువంతా వెనక్కి లాగుతుంది, రెక్కలు కూడా వెనక్కి జరగాల్సి వచ్చింది. 18 మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పున్న సరుకు గదిలో ఏ ఉపగ్రహాన్ని ఎంత ముందుకు పెట్టాలో, ఎంత వెనక్కి పెట్టాలో లెక్కగట్టే పెట్టేవారు. దిగేటప్పుడు ఇంజన్ల తోడు ఉండదు, అది ఒక పెద్ద గ్లైడర్ మాత్రమే. బరువు తప్పు చోట ఉంటే రెండో అవకాశం లేదు.

ఆ సరుకు గది తలుపుల గురించి తప్పకుండా ఒక పేరా రాయి. లోపలి వైపు రేడియేటర్లు ఉన్నాయి. నౌకలో పుట్టే వేడిని బయటికి పంపాలంటే కక్ష్య చేరగానే ఆ తలుపులు తెరవాలి. తెరుచుకోకపోతే యాత్ర ఆపేసి దిగిపోవాల్సిందే. మూసుకోకపోతే అసలు దిగడానికే లేదు. అందుకే బయటికి వెళ్లి చేతితో తలుపులు మూయడానికి శిక్షణ పొందినవాళ్లు ప్రతి యాత్రలోనూ సిద్ధంగా ఉండేవారు. ఒక్క తలుపు మూడు పనులు చేస్తోంది చూడు: సరుకును దాస్తుంది, నౌకను చల్లబరుస్తుంది, దిగేటప్పుడు గాలి ఒరిపిడిని తట్టుకుంటుంది. ఇలాంటి భాగం దొరికితే వదలకు.

మనుషులుండే గదిని నువ్వు కొలతతో సరిపెట్టావు. అక్కడ పాఠకుడు నిలబడి చుట్టూ చూడాలనుకుంటాడు. పై అంతస్తు ఫ్లైట్ డెక్. ఎడమ సీటులో కమాండర్, కుడి సీటులో పైలట్. వాళ్ల వెనక ఇంకో కంట్రోల్ స్థానం, అక్కడి కిటికీల్లోంచి చూస్తే సరుకు గది, రోబో చేయి కనిపిస్తాయి. కింద మిడ్ డెక్‌లో తిండి, నిద్ర, మరుగుదొడ్డి, లోపలికొచ్చే తలుపు. ఈ రెండు అంతస్తుల గది నౌక ముందు భాగంలో కూర్చున్న వేరే పీపా లాంటి నిర్మాణం. బయటి వేడి లోపలికి పాకకుండా కొద్దిచోట్ల మాత్రమే చుట్టూ ఉన్న ఒంటికి అతికి ఉంటుంది.

ఈ అమరికలోనే ఒక కఠినమైన నిర్ణయం దాగుంది. మొదట ఎగిరిన షటిల్ కొలంబియా. దాని మొదటి నాలుగు ప్రయాణాల్లో ఇద్దరే వెళ్లారు, ఇద్దరికీ ఎజెక్షన్ సీట్లు, అంటే ప్రమాదమొస్తే మనిషిని బయటికి విసిరే సీట్లు, ఉన్నాయి. ఆ తర్వాత సిబ్బంది పెరిగారు, కొందరు కింది అంతస్తులో కూర్చోవాల్సి వచ్చింది. కింది అంతస్తు వాళ్లను పైకి విసరడానికి దారి లేదు. ఎజెక్షన్ సీట్లు తీసేశారు. రెండంతస్తులన్న ఒక్క నిర్ణయంతో సీటుతో సహా బయటపడే దారి అందరికీ మూసుకుపోయింది. ఇది రాసేటప్పుడు విశేషణాలు వాడకు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, చదివేవాళ్ల గుండె దానంతటదే బరువెక్కుతుంది.

కల్పనా చావ్లా గురించి నువ్వు రాసిన చివరి పేరా కూడా అందుకే మార్చమంటున్నాను. ఆమె ధైర్యం, కలలు, కన్నీళ్లు అన్నీ రాశావు. నీ మనసు నాకు అర్థమైంది. కానీ నీ వ్యాసం నౌక అమరిక మీద కదా, ఆమె మరణం ఆ అమరికలోంచి ఎలా వచ్చిందో చెప్పడమే ఆమెకు నువ్విచ్చే గౌరవం. ప్రధాన ఇంజన్లు ఖరీదైనవి, తిరిగి రావాలి, కాబట్టి వాటిని నౌకలోనే పెట్టారు. వాటికి కావాల్సిన ఇంధనం మాత్రం బయటి పెద్ద ట్యాంకులో ఉంది. కాబట్టి నౌకను ట్యాంకు పక్కన కట్టారు. పక్కన కట్టారు కాబట్టి ట్యాంకు మీది గట్టి నురగ (ఫోమ్) పూత ఊడితే నౌక మీద పడుతుంది. 2003 జనవరి 16న కొలంబియా ఎగిరిన 82 సెకన్లకు ఊడిన ముక్క ఎడమ రెక్క అంచున ఉన్న కార్బన్ పలకకు తగిలింది. ఫిబ్రవరి 1న దిగివస్తుండగా ఆ చిల్లులోంచి వేడి గాలి రెక్క లోపలికి దూరింది. ఆమెతో సహా ఏడుగురూ పోయారు. దర్యాప్తు నివేదిక ఎవరైనా చదువుకునేలా బయటే ఉంది. అది పూర్తిగా చదువు. ఒక యంత్రం లోపల ఏది దేనికి ఆనుకుని ఉందో ఆ నివేదికంత స్పష్టంగా చెప్పేది నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇక్కడే సోవియట్ బురాన్‌ను తీసుకురా. నువ్వు దాన్ని "షటిల్ లాంటిదే" అని ఒక్క మాటతో పక్కన పెట్టావు. బయటికి అలాగే ఉంటుంది, నిజమే. లోపల మాత్రం ప్రధాన ఇంజన్లు నౌకలో లేవు, ఎనర్జియా రాకెట్‌లో ఉన్నాయి. అంటే నౌక తోకకు ఆ బరువు తప్పింది, ఇంజన్లు మాత్రం ప్రతిసారీ పోతాయి. 1988 నవంబరు 15న మనిషి లేకుండా రెండు చుట్లు తిరిగి, దానంతటదే రన్‌వే మీద దిగింది. మళ్లీ ఎగరలేదు. ఒకే ఆకారంలో రెండు వేర్వేరు రాజీలు. పోలిక పెట్టి చూపించడానికి ఇంతకంటే మంచి జంట నీకు దొరకదు.

స్పేస్‌ఎక్స్ సంస్థ చేసిన డ్రాగన్ నౌకకు వచ్చేసరికి ఆ పాఠాలన్నీ కనిపిస్తాయి. నౌక రాకెట్ పక్కన లేదు, నెత్తిన ఉంది, పైనుంచి ఊడిపడేది ఏమీ లేదు. ప్రమాదమొస్తే మొత్తం గదినే రాకెట్ నుంచి లాక్కుపోయే ఎనిమిది ఇంజన్లు దాని ఒంట్లోనే ఉన్నాయి. కాబట్టి లోపలున్న నలుగురికీ ఒకటే దారి, పై వరస కింది వరస అన్న తేడా లేదు. సోలార్ పలకలు, రేడియేటర్ వెనకున్న ట్రంక్ అనే భాగం మీద ఉన్నాయి. దిగేముందు ట్రంక్‌ను వదిలేస్తారు, అప్పుడు కవచమున్న అడుగు ముందుకొస్తుంది. రెక్కలు లేవు, చక్రాలు లేవు, పారాచూట్లతో సముద్రంలో దిగుతుంది. తిరిగి వాడాల్సింది ఏది, పోగొట్టుకున్నా ఫర్వాలేనిది ఏది అని గీత గీసి మరీ చేసిన అమరిక ఇది. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లింది ఇలాంటి నౌకలోనే కాబట్టి మన పాఠకుడు ఆసక్తిగా చదువుతాడు.

మీ జిల్లా మూలాలున్న శిరీష బండ్లను నువ్వు ఎందుకు వదిలేశావో నాకు తెలియలేదు. కక్ష్యకు వెళ్లలేదు కాబట్టి అనుకుంటే, ఆ ఆలోచన మార్చుకో. 2021 జులై 11న ఆమె ఎక్కిన వర్జిన్ గెలాక్టిక్ సంస్థ యూనిటీ నౌక కూడా మనుషులతో వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ ఎగిరిందే. పెద్ద విమానం దాన్ని పైకి మోసుకెళ్లి వదిలేది, అక్కడినుంచి సొంత రాకెట్‌తో వెళ్లేది. దిగేటప్పుడు తోక భాగం మొత్తం పైకి మడుచుకునేది, గాలి నౌకను దానంతటదే సరైన వాలులో నిలబెట్టేది, వేగం తగ్గేది. అంత వేడి పుట్టదు కాబట్టి షటిల్‌కున్నన్ని టైల్స్ అక్కర్లేకపోయింది. అదే తోక వేళ కాని వేళ మడుచుకుంటే ఏమవుతుందో 2014 అక్టోబరు 31న తేలింది: దానికి ముందటి నౌక గాల్లోనే విచ్ఛిన్నమై కో పైలట్ చనిపోయాడు. దిగేటప్పుడు కాపాడే భాగమే ఎక్కేటప్పుడు ప్రాణం తీయగలదు. ఈ వాక్యం నీ సొంత మాటల్లో రాసుకో.

మన ఇస్రో ప్రయోగాత్మకంగా చేసిన రెక్కల నౌక పుష్పక్‌కు రెండు మూడు వాక్యాలు చాలు. హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో వదిలితే 2023లో ఒకసారి, 2024లో రెండుసార్లు చిత్రదుర్గ దగ్గర రన్‌వే మీద దానంతటదే దిగింది. మనుషులు ఎక్కేది కాదు, కాబట్టి ఉన్నదానికంటే పెద్దది చేసి రాయొద్దు. దేశాభిమానంతో అంకెలు పెంచితే నిజంగా సాధించిన దాన్ని కూడా నమ్మరు.

ఇక పని చేసే పద్ధతి. పుస్తకాలూ ఫోనూ పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం మీద షటిల్‌ను నిలువుకోత కోసినట్టు గుర్తున్నంత వరకూ గియ్యి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ నీకు విషయం అర్థం కాలేదన్నమాట, వెళ్లి అది మాత్రం చదువు. తర్వాత ప్రతి భాగం పక్కనా "దీన్ని ఇక్కడినుంచి తీస్తే ఎక్కడ పెట్టాలి? అప్పుడు ఏం చెడుతుంది?" అని రాసుకో. జవాబు దొరికిన భాగాలే వ్యాసంలోకి రావాలి. అంకెల విషయంలోనూ ఇంతే. ఒక అంకె తీసేస్తే వాక్యం కూలిపోవాలి. కూలకపోతే ఆ అంకె వద్దు. నీ వ్యాసంలో తోక ఎత్తు, చక్రాల వ్యాసం, కిటికీల మందం ఉన్నాయి, మూడూ తీసెయ్యి.

రాసింది ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించు. సైన్సు చదవని వాళ్లయితే మరీ మంచిది. "మరి అది అక్కడెందుకు పెట్టారే?" అని వాళ్లు నీకంటే ముందు అడిగారంటే ఆ పేరా ఇంకా తయారు కానట్టే.

రెక్కలతోనే మొదలుపెట్టు, టైల్స్, ఇంజన్లు, కొలంబియా, బురాన్ ఆ వరసలో వస్తాయి. పదిహేను వందల మాటలు దాటనివ్వకు. నెలాఖరులోగా పూర్తయితే ప్రింట్ తీసుకుని ఒక ఆదివారం పొద్దున బెజవాడ రా. నా దగ్గర షటిల్ కోత బొమ్మలు పెద్ద సైజులో ఉన్నాయి, బల్ల మీద పరుచుకుని నీ బొమ్మతో పోల్చి చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు