పాత తేదీ లెటర్ తీసుకోవద్దు తల్లీ

ప్రశ్న: తిరుపతిలో ఎంఎస్సీ న్యూట్రిషన్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళలో రక్తహీనత, నడుం నొప్పి మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. అరవై మంది అనుకున్నాం. నలభై ఆరుగురికి వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశాను, ప్రశ్నలూ అడిగేశాను. మేస్త్రీ మంచాయన, అందరినీ వరుసగా నిలబెట్టి సంతకాలు పెట్టించాడు. ఇప్పుడు పేపర్ పంపుదామంటే జర్నల్ వాళ్ళు ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు అడుగుతున్నారు. అది తీసుకోవాలని మాకు తట్టనే లేదు. ఒక సీనియర్ పాత తేదీతో లెటర్ ఇప్పిస్తానంటున్నాడు. మా నాన్న "ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకు, తీసుకో" అంటున్నాడు. సీజన్ అయిపోతోంది. ఏం చేయాలి? ఈ ఎథిక్స్ కమిటీల్లో ఉద్యోగాలు కూడా ఉంటాయా?

జవాబు: తీసుకోవద్దు. ఇది చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు, మిగతాది చెప్పడానికే కాస్త టైం పడుతుంది.

ముందు ఆ లెటర్ సంగతి. ఎథిక్స్ కమిటీ అంటే మనుషుల మీద చేసే పరిశోధనలో వాళ్ళకి హాని, అన్యాయం జరగకుండా ముందే చూసేవాళ్ళు, రబ్బరు స్టాంపు పెట్టుకుని కూర్చున్న గుమాస్తా కాదమ్మా. మీటింగ్ ఏ రోజు జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఏ ప్రాజెక్టు మీద ఎవరేమన్నారు అన్నీ మినిట్స్‌లో రాసుకుంటారు, ప్రతి ప్రాజెక్టుకీ ఒక నంబరు ఉంటుంది. నీ చేతికొచ్చే పాత తేదీ లెటర్‌కి ఆ మినిట్స్‌లో చోటు ఉండదు. జర్నల్ వాళ్ళు కమిటీకి ఒక్క ఈమెయిల్ పెడితే బయటపడుతుంది. ఇప్పుడు నువ్వు చేసింది తెలియక చేసిన పొరపాటు, దానికి క్షమాపణ ఉంది, దారి కూడా ఉంది. లెటర్ తీసుకున్న మరుక్షణం అది ఫోర్జరీ అవుతుంది, నీతో పాటు నీ గైడ్ సంతకం కూడా అందులో ఇరుక్కుంటుంది. రేపు పీహెచ్‌డీకి వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా అది వెంటాడుతుంది. ఆ సీనియర్‌కి ఏం పోతుంది, చెప్పు?

ఇంకో మాట, నిజాయితీగా అడిగినా సరే, అయిపోయిన పనికి కమిటీ వెనక నుంచి అనుమతి ఇవ్వదు. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధన ఏదైనా మొదలుపెట్టకముందే సమీక్షకి వెళ్ళాలి. మందులు, ఆపరేషన్లు ఉంటేనే అనుకుంటారు చాలామంది, న్యూట్రిషన్ వాళ్ళు, నర్సింగ్ వాళ్ళు, సోషల్ వర్క్ వాళ్ళు ముఖ్యంగా. ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్ళినా సమీక్షకి వెళ్ళాల్సిందే, కాకపోతే ప్రమాదం ఎంత ఉందన్న దాన్ని బట్టి కొన్నింటికి మినహాయింపు ఇస్తారు, కొన్నింటిని ఇద్దరు ముగ్గురు సభ్యులు త్వరగా చూసేస్తారు, కొన్ని పూర్తి కమిటీ ముందుకి వెళ్తాయి. ఏది ఎందులోకి వస్తుందో తేల్చేది కమిటీయే, నువ్వూ నీ గైడూ కాదు.

మీ నాయన మాటకొస్తాను. చిన్న సూదిపోటు, చుక్క రక్తం, దీనికింత రాద్ధాంతమా అని ఆయన అనుకోవడంలో తప్పేం లేదు. నిజమే, సూదితో పెద్ద ప్రమాదం లేదు. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వేరే వాక్యం, "మేస్త్రీ వరుసగా నిలబెట్టి సంతకాలు పెట్టించాడు" అన్నావే, అది. రేపు పనికి పిలవాలా వద్దా అని తేల్చేవాడు మేస్త్రీ. ఆయన ముందు నిలబడి "నాకిష్టం లేదు" అని ఏ ఆడమనిషి అంటుంది? నలభై ఆరు సంతకాలు వచ్చాయి సరే, అందులో సమ్మతి ఎన్నింటిలో ఉందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. యజమాని కింద పనిచేసేవాళ్ళని, టీచరు కింద చదివే పిల్లల్ని, ఇలా కాదనలేని స్థితిలో ఉన్నవాళ్ళందరినీ ఐసీఎంఆర్ ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్ళ లెక్కలో పెట్టింది ఇందుకే.

మన దగ్గర జరిగిందే చూడు. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన ప్రాంతాల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు, ప్రాజెక్టు పేరుతో. చాలామంది పిల్లలు హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో ప్రాజెక్టు ఆపేశారు. మరణాలకి టీకానే కారణమని విచారణలో తేలలేదు, ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. అయినా 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం రిపోర్టు ఇచ్చినప్పుడు ఆ సంతకాల తీరునే గట్టిగా తప్పుపట్టింది. వార్డెన్ చోట మేస్త్రీని పెట్టి చూడు, నీకే అర్థమవుతుంది.

నేనూ ఏం తక్కువ తినలేదులే. చదువుకునే రోజుల్లో ఒక పల్లెలో మగవాళ్ళ తాగుడు మీద సర్వే చేశాను. అనుమతి అన్న మాటే తెలీదు అప్పట్లో. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని అడిగి, పేర్లతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. టీ తాగుతూ ఆ నోట్‌బుక్‌ని బల్ల మీద వదిలేశాను, ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన తిరగేశాడు. సాయంత్రానికి ఎవరి పెళ్ళాం ఏం చెప్పిందో ఊరంతా తెలిసిపోయింది. మళ్ళీ వారం వెళితే ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఒకామె కిటికీలోంచి "మళ్ళా ఈ దిక్కు రావొద్దు సామీ" అంది. ఆమె ఇంట్లో ఆ వారం ఏం జరిగిందో ఇప్పటికీ అడిగే ధైర్యం నాకు లేదు. పేరుకి బదులు ఒక నంబరు రాసి, పేర్ల జాబితా వేరే చోట తాళం వేసి పెట్టుకుని ఉంటే సరిపోయేది. కమిటీకి వెళ్ళి ఉంటే మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు "ఆ పుస్తకం ఎక్కడ పెడతావు?" అని అడిగి ఉండేవాళ్ళు.

ఎందుకంటే కమిటీలో డాక్టర్లే ఉండరు. ఏడుగురి నుంచి పదిహేను మంది దాకా ఉంటారు, అందులో న్యాయం తెలిసినవాళ్ళు ఒకరు, సామాజిక శాస్త్రం వైపు నుంచి ఒకరు, ఏ డిగ్రీతోనూ సంబంధం లేకుండా మామూలు జనం తరఫున ఒకరు. సగం మందైనా బయటివాళ్ళు, ఛైర్మన్ కచ్చితంగా బయటి మనిషే. నా అనుభవంలో అందరికంటే పదునైన ప్రశ్న ఆ మామూలు మనిషి దగ్గర నుంచే వస్తుంది. "ఈ ఫారంలో హిమోగ్లోబిన్ అని రాశారు, మా అమ్మకి ఇది అర్థం కాదు" అంటాడు, అంతే, ఫారం వెనక్కి.

ఇక నువ్వు చేయాల్సింది. సోమవారం గైడ్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంతమంది, సంతకాలు ఎలా తీసుకున్నారు, అన్నీ. మీ కాలేజీకి సొంత కమిటీ ఉంటే అక్కడికి, లేకపోతే ఒప్పందం మీద వేరే సంస్థ కమిటీకి వెళ్ళొచ్చు, తిరుపతి మెడికల్ కాలేజీలున్న ఊరు కాబట్టి నీకు అదృష్టమే అనుకో. ఆ కమిటీకి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగంలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి తెలుసుకో, 2019 నిబంధనల తర్వాత అది తప్పనిసరి. పాత డేటాని ఏం చేయాలో వాళ్ళనే చెప్పమను. పేపర్‌లో వాడుకోవద్దంటారనే అనుకుని సిద్ధంగా ఉండు. బాధగానే ఉంటుంది, ఎండలో ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది నువ్వే కదా.

సీజన్ పోతుందని భయపడుతున్నావు. పోనీ. తోతాపురి అయిపోయాక ఆ ఆడవాళ్ళంతా వాళ్ళ పల్లెల్లోనే కదా ఉండేది. అక్కడికి వెళ్ళు. వాళ్ళ గడప మీద, మేస్త్రీ లేని చోట, "ఇష్టమైతేనే చెప్పక్కా, వద్దంటే వెళ్ళిపోతా" అని అడుగు. కొందరు వద్దంటారు. ఆ వద్దన్నవాళ్ళు ఉన్నారు కాబట్టే మిగతావాళ్ళ సంతకాలకి విలువ వస్తుంది. నడుం నొప్పి ప్రశ్నలు మాత్రం సీజన్‌లో ఉన్నంత తాజాగా ఉండవు, దాన్ని పేపర్‌లో పరిమితిగా రాసుకో, లేదా గైడ్‌తో మాట్లాడి రక్తహీనత వరకే కుదించుకో. ఒక సెమిస్టర్ ఆలస్యమైతే కొంప మునగదు.

సమ్మతి పత్రం మీద మాత్రం కష్టపడు, అందరూ గూగుల్‌లో దొరికినదాన్ని పేరు మార్చి పెట్టేస్తారు. చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తమిళం మాట్లాడే ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకంటే నీకే బాగా తెలుసు, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్ళకి చదివి వినిపించేటప్పుడు పక్కన చదువొచ్చిన సాక్షి ఒకరు ఉండాలి, నీ ఫ్రెండూ కాదు, మేస్త్రీ అస్సలు కాదు, నీ ప్రాజెక్టుతో సంబంధం లేని మనిషి. ఎంతసేపు పడుతుంది, మధ్యలో మానేస్తే కూలికేమీ నష్టం లేదు, పేరు బయటికి రాదు, ఫలితం నీకు చెప్తాం అని మన మాటల్లో రాయి. ఫారం పూర్తయ్యాక మీ అమ్మకి చదివి వినిపించు, ఆమె ఎక్కడ "అంటే?" అని అడిగితే అక్కడ మార్చు.

ఉద్యోగాల సంగతి. ఉంటాయి, కానీ "ఎథిక్స్ ఆఫీసర్ కావాలి" అని పేపర్‌లో ప్రకటన వస్తుందని కూర్చోకు. మందుల ట్రయల్స్ జరిగే పెద్ద ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో కమిటీ ఆఫీసు నడపడానికి మనుషులు కావాలి. ఫైళ్ళు, మీటింగులు, రిజిస్ట్రేషన్ రెన్యువళ్ళు, ఎవరికైనా హాని జరిగితే గడువు లోపల రిపోర్టులు, ఇదంతా బుర్రపెట్టి చేసేవాళ్ళు తక్కువే. న్యూట్రిషన్ వాళ్ళకి దగ్గరి దారి క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్, అంటే ట్రయల్‌లో చేరినవాళ్ళతో మాట్లాడి, సమ్మతి తీసుకుని, డేటా చూసుకునే పని. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మూడూ మనకి రాత్రి బస్సు దూరమే. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే పరిశోధన కోర్సు ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఉంటుంది, అందులో ఎథిక్స్ కూడా ఉంది, ముందు అది చెయ్. మనసు అటే లాగితే మంగళూరులోని యేనెపోయ యూనివర్సిటీలో బయోఎథిక్స్ పీజీ డిప్లొమా చూడు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని లక్షలు అడిగే ఇన్‌స్టిట్యూట్ల జోలికి మాత్రం పోవద్దు. మీ నాయన మామిడి డబ్బులు అందులో పోయొద్దు.

చివరిగా, నువ్వు ఉత్తరంలో రాయని సంగతి ఒకటి అడగాలి. ఆ నలభై ఆరుగురికీ వాళ్ళ ఫలితం చెప్పావా? గర్భిణులు కాని ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, 8 కంటే తక్కువైతే తీవ్రమైనది, ఇది నీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో టస్కెగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళకి అసలు జబ్బేమిటో చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, ఏమవుతుందో రాసుకుంటూ కూర్చున్నారు. నిన్ను వాళ్ళతో పోల్చట్లేదు తల్లీ. కానీ నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ అంకె ఆమెకి తెలియాలి. పేపర్‌లో ఆ డేటా పనికిరాకపోవచ్చు, ఆమెకి పనికొస్తుంది. కమిటీ, గైడ్, జర్నల్ అన్నీ సోమవారం తర్వాత. రేపు ఆదివారం, 8 కంటే తక్కువ వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి చెప్పు, పీహెచ్‌సీ ఎక్కడుందో, ఏ రోజు డాక్టర్ ఉంటారో కనుక్కుని మరీ వెళ్ళు. మేస్త్రీకి ఈ జాబితా చూపించకు.