దక్షిణ కొరియాలోని తేగు నగరం నుంచి వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. మూడో పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు బల్ల మీద పడేశాను. లేచి కాఫీ కలుపుకుని తాగి, మళ్ళీ మొదటినుంచి చదివాను. కొరియాకు చదువుకోసం వెళ్ళిన తెలుగు పిల్ల, తాను అద్దెకుంటున్న ఇంటావిడ నోట విన్న ఒకే ఒక్క మాట చుట్టూ వ్యాసం అల్లడం మంచి ఆలోచన. ఇక కోపం సంగతి చెబుతాను.

‘యఖాదా అంటే బలహీనమైన’ అన్నది నీ మొదటి వాక్యం. మూడో పేజీలో ఇంటావిడ కాలం చేసిన తన భర్తను తలచుకుంటూ ‘సురే యఖేస్సొయో’ అన్నదని రాసి, ‘పాపం, తాగుడు ఆయన బలహీనత అట’ అని తెలుగు చేశావు. వచ్చి కాదని చెప్పుకోలేని ఒక పెద్దమనిషిని నాలుగు మాటల్లో తాగుబోతును చేసి కూర్చోబెట్టావు. సుల్ అంటే మద్యం, దానికి ‘ఎ’ అనే ప్రత్యయం చేరితే సురే. ‘సురే యఖాదా’ అంటే మనిషి మద్యానికి ఆగలేడని, గుక్కెడు పుచ్చుకుంటే చాలు తల తిరుగుతుందని. మన భాషలో ‘మందు ఆయన బలహీనత’ అంటే ఆయన మానలేడని అర్థం. తాగలేనివాడికీ, తాగకుండా ఉండలేనివాడికీ ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు. తమాషా ఏమిటంటే, ఆ కిందనే ‘సగం గ్లాసు మక్కొల్లికే ఆయన చెవులు ఎర్రబడేవని చెప్పి ఆవిడ నవ్వింది’ అని నువ్వే రాశావు. నీ చెవి సరిగ్గానే విన్నది, నీ కన్ను సరిగ్గానే చూసింది. రెంటినీ పక్కకు నెట్టేసి, నీ పదాల పట్టికలోని సమానం గుర్తును నమ్మావు.

ఆ సమానం గుర్తు మీద నాకు పాతికేళ్ళ పగ ఉంది. అది ఎలా పుట్టిందో చెప్పనీ. 1998లో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్లు తయారవడం మొదలయ్యాక, వాటి వెనకే విడిభాగాలు చేసే కొరియన్ కంపెనీలు కొన్ని ఆ చుట్టుపక్కలకు వచ్చాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను దుబాసీగా చేరాను. అప్పటికి నా కొరియన్ వయసు ఏడాదిన్నర. ఒకనాడు నాణ్యత చూసే కొరియన్ పెద్దమనిషి ఒక బిగింపు దగ్గర వంగి వేలితో కదిపి చూసి, ‘చోఇమి యఖాదా’ అన్నాడు. నేను తడుముకోకుండా కుర్రాళ్ళకు ‘బోల్టులు బలహీనంగా ఉన్నాయట’ అని చెప్పాను. వాళ్ళు ఆ రకం బోల్టుల పెట్టెలన్నిటికీ ఎర్రచీటీ కట్టి మూలకు చేర్చారు. రెండు గంటలు పని ఆగింది. ఆ పెద్దమనిషి తిరిగి వచ్చి, ఖాళీగా నిలబడ్డ మమ్మల్నందరినీ చూసి, ఏమీ అనకుండా టార్క్ రెంచి అందుకుని ఆ బోల్టునే ఇంకో పావు చుట్టు తిప్పాడు. టక్కుమంది. నా వంక చూసి ‘చోఇమ్’ అన్నాడు. చోఇమ్ అంటే బిగింపు. బోల్టులో ఏ లోపమూ లేదు, బిగువు చాలలేదు, అంతే. మన ఊళ్ళో సైకిల్ షాపువాడు కూడా ‘నట్టు బిగువు చాల్లేదు’ అంటాడు గాని ‘నట్టు బలహీనం’ అనడు. ఆ రోజు జీతం కోసుకున్నారు. ఆ రాత్రే నా పదాల పుస్తకం చింపేశాను.

తరువాత కొత్త పుస్తకం పెట్టాను. అందులో మాటకు ఒక పేజీ, పేజీలో అర్థం రాయకూడదు. ఎవరు, ఎవరితో, దేన్ని చూస్తూ ఆ మాట అన్నారో ఆ వాక్యం మాత్రమే రాయాలి. యఖాదా పేజీ నిండడానికి పదకొండు నెలలు పట్టింది. దానిలోంచి కొన్ని నీకోసం ఎత్తి రాస్తాను. ‘మోమి యఖాదా’ అని ఒక తల్లి తన కొడుకు గురించి అన్నది, ఒంట్లో సత్తువ తక్కువ, ఊరికే జబ్బు పడతాడని. ‘చువీఎ యఖాదా’ అని చలికి ఆగలేని డ్రైవరు తన గురించి తానే చెప్పుకున్నాడు. ‘సుహాగె యఖాదా’ అంటే లెక్కల్లో వెనకబడ్డాడని. ఫోనులో సిగ్నల్ సరిగా అందకపోతే అదీ యఖాదాయే, గాలి చిన్నగా వీచినా అదే. ఇక ‘మాఉమి యఖాదా’ ఉన్నదే, మాఉమ్ అంటే మనసు, అది నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎవరు అడిగినా కాదనలేనివాడు, ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు తిరిగితే కరిగిపోయేవాడు అని దాని అర్థం. దీన్ని ‘మానసిక దౌర్బల్యం’ అని ఎవరో తెలుగు చేయగా చూశాను. చదివినవాడు మానసిక వైద్యుడి చిరునామా వెతుక్కుంటాడు. మనకు మెత్తని మనసు అనే మాట ఉండనే ఉంది, ‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అన్న సామెత కూడా ఉంది. కొరియా వాళ్ళకూ ఆ బుద్ధి తెలుసు. బలవంతుడి ముందు వంగి, బలం లేనివాడి మీద లేచేవాణ్ణి ఈమధ్య అక్కడ ‘కాంగ్ యక్ యక్ కాంగ్’ అని నాలుగు అక్షరాల్లో వెక్కిరిస్తున్నారు. కాంగ్ అంటే బలం, యక్ అంటే మనం చెప్పుకుంటున్న యఖాదాలోని ముక్కే.

ఈ వాక్యాలన్నిటిలోనూ ‘బలహీనమైన’ పెట్టి చూడు. ఒక్క మొదటిదానిలో తప్ప ఎక్కడా కుదురుగా కూర్చోదు. పైగా ‘హీన’ అన్న ముక్క తనవెంట ఒక చిన్నచూపును మోసుకొస్తుంది. ఆ డ్రైవరు తనకు చలి పడదని చెప్పుకున్నాడే గాని, తనను తాను హీనుణ్ణి చేసుకోలేదు. ఫ్యాక్టరీ రాత్రి విందుల్లో నేను బతికి బయటపడింది కూడా ఈ మాటతోనే. పెద్దవాళ్ళు గ్లాసు నింపుతుంటే రెండు చేతులతో పట్టుకుని, ముఖం ఒక పక్కకు తిప్పుకుని కొంచెం తడిపి, ‘సురే యఖేయో’ అనేవాణ్ణి. వాళ్ళు నవ్వి వదిలేసేవారు. తెలుగు విందులో ‘మందు నా బలహీనత’ అని ఉంటే ఇంకో రెండు సీసాలు నా ముందు పెట్టేవారు.

ఎదురు పరీక్ష కూడా ఒకటి ఉంది. తెలుగులో కాఫీ పలచగా ఉంటే ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళం ‘వీక్’ అంటాం. అందుకని కొరియాలో కాఫీ హోటల్లో ‘యఖాన్ కాఫీ’ అడిగావనుకో, పిల్లవాడు నీ వైపు వింతగా చూస్తాడు. కాఫీ పలచనకు వాళ్ళు వాడేది ‘యొన్‌హాదా’ అనే వేరే మాట. నీ వ్యాసం రెండో పేజీలో ‘యఖాన్ టీ’ ఉంది. అది నువ్వు నిజంగా ఆ దేశపు కొట్టులో విన్నదా, నీ గదిలో కూర్చుని తయారు చేసిందా?

సమానం గుర్తు జబ్బు నేర్చుకునేవాళ్ళకే కాదు, అచ్చువేసేవాళ్ళకూ ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట ఒక కొరియన్ కథను తెలుగు చేసి ఒక వారపత్రికకు పంపాను. అందులో కోడలు జబ్బు పడ్డ అత్తగారికి బియ్యపు జావ కాస్తుంది. దాన్ని జుక్ అంటారు. అడుగంటకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి, సెగ ‘యఖాన్ బుల్’గా ఉండాలి. బుల్ అంటే నిప్పు. నేను ‘సన్న సెగ మీద’ అని రాశాను. సంపాదకుడు గారు మూలాన్ని తాను చూసినట్టే ‘బలహీనమైన మంట మీద’ అని దిద్ది అచ్చువేశారు. అనువాదం చదువుతుంటే పరాయి వాసన తగలాలి, మరీ మన వంటిల్లులా ఉంటే ఎలా అని ఆయన సిద్ధాంతం, ఆ రోజుల్లో అదొక ఫ్యాషను. విజయనగరం నుంచి ఒక గృహిణి కార్డు రాసింది: ‘ఆ మంటకు ఏం జబ్బు చేసిందండీ?’ ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. సంపాదకుడు గారికి చూపిస్తే ఆయన నవ్వలేదు. ఆ తరువాత నా కథలు రెండేళ్ళు వేసుకోలేదు. మనసు యఖాన్ మనిషిని కాబట్టి అప్పట్లో ఊరుకున్నాను, ఇప్పుడైతే ఊరుకునేవాణ్ణి కాను.

వ్యాకరణం దగ్గరకు వస్తే, ‘యఖానన్ సారమ్’ అని రెండు చోట్ల రాశావు. అది తప్పు, ‘యఖాన్ సారమ్’ అనాలి. సారమ్ అంటే మనిషి. కొరియన్ భాషలో గుణం చెప్పే మాట కూడా క్రియలాగే నడుస్తుంది, కాలాన్ని తనలోనే పట్టుకుంటుంది, దాని వెనక ‘ఉంది’ తగిలించనక్కర్లేదు. యఖేయో అంటే ఇప్పటి సంగతి, యఖేస్సొయో అంటే గతం. అయితే నామవాచకం ముందు నిలబడేటప్పుడు మాత్రం పని చెప్పే క్రియకు ‘నన్’ చేరుతుంది, గుణం చెప్పేదానికి ఉత్త ‘న్’ చేరుతుంది. తెలుగువాళ్ళకు ఇది కష్టం కాకూడదు. ‘అలసిన మనిషి’ అంటాం, అలసిన అనేది క్రియే గదా. ‘బలహీనమైన’ తోకలో కూడా ‘అయిన’ అనే క్రియ దాక్కునే ఉంది. నువ్వు మాత్రం దాన్ని ఇంగ్లీషు విశేషణంలా కదలకుండా పడి ఉండే రాయి అనుకున్నావు.

పలకడం గురించి ఒక్క మాట. హంగుల్ లిపిలో ‘యక్’ ఒక ముక్క, ‘హా’ ఒక ముక్క. నోట్లో మాత్రం కకారం, హకారం కలిసిపోయి ఖ అవుతుంది. నువ్వు ‘యక్‌హదా’ అని రాయకుండా ‘యఖాదా’ అని రాసినందుకు సంతోషించాను. మన అక్షరమాలలో ఖ ఉన్నందుకు గర్వపడనక్కర్లేదు, ఖర్చును కర్చు అనే జాతి మనది. అక్కడ ఒత్తు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి మాటలే మారిపోతాయి, కాబట్టి పలికేటప్పుడు గాలి గట్టిగా వదులు. ఆ యక్ చైనా అక్షరం నుంచి వచ్చింది. మందుబిళ్ళకు కూడా యక్ అనే అంటారు, అది వేరే అక్షరం, శబ్దం ఒకటే. నీరసానికీ మందుకూ ఒకే చప్పుడు ఉండటం మీద నువ్వు ఒక పేరా కవిత్వం రాశావు. తీసెయ్యి. ఆ భాష మాట్లాడేవాళ్ళకు మందుల షాపు ముందు నిలబడితే నీరసం గుర్తుకు రాదు.

ఇదే సందర్భంలో ఇంకో ఫ్యాషను మీద కూడా నా కసి తీర్చుకోనివ్వు. కొరియన్ సీరియళ్ళు మన ఇళ్ళల్లోకి వచ్చినప్పటినుంచి, వాళ్ళ భాషా మన భాషా అక్కచెల్లెళ్ళని ప్రతివారూ వ్యాసం రాస్తున్నారు. నువ్వు కూడా నాలుగో పేజీలో ‘సుల్’ పక్కన మన ‘సుర’ను నిలబెట్టి మురిసిపోయావు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ సియోల్‌లో ఉండి, కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని ఒప్పుకోలేదు. ఇంతకీ సుర సంస్కృతపు మాట, ద్రావిడం కూడా కాదు. చప్పుడు కలిసినచోట చుట్టరికం వెతకడం కూడా సమానం గుర్తు జబ్బే, కాకపోతే కాస్త పెద్ద సైజులో ఉంటుంది.

హంగుల్ అక్షరాలు వ్యాసంలో వెయ్యాలా అన్నావు, వెయ్యకు. మన పాఠకుడు వాటిని బొమ్మల్లా చూసి దాటిపోతాడు. తెలుగులో రాస్తే నోటితో పలుకుతాడు, పలికితేనే ఆ మాట అతనిది అవుతుంది.

చివరి పేజీలో హొయఖాదా, నాయఖాదా, స్వేయఖాదా, చ్వియఖాదా అని వరసగా పెట్టి, అన్నిటికీ ‘బలహీనమైన’ అనే అర్థమే రాశావు. ఒంటి నలతకు మొదటిది, గుండె దిటవు లేనివాడికి రెండోది, జబ్బూ వయసూ తినేసిన మనిషికి మూడోది, దెబ్బ తగిలే చోటు కాచుకోలేనిదానికి నాలుగోది. వాటిని ఈ వ్యాసంలోంచి తీసెయ్యి. ఒక్కొక్కటీ ఎవరి నోట విన్నావో ఆ రోజు ఒక్కో వ్యాసం రాసుకోవచ్చు. ఇంటావిడ పేరా ఒక్కటీ ఉంచు. అయితే దాన్ని మళ్ళీ రాయాలి. ఆవిడ ఆ మాట అన్నప్పుడు చేతిలో ఏముంది, మక్కొల్లి గిన్నె ఎవరి ముందు ఉంది, నవ్విన తరువాత ఏమన్నది, ఇవేవీ నువ్వు చెప్పలేదు. గుర్తు లేకపోతే వెళ్ళి ఆవిణ్ణి అడుగు, పోయిన భర్త గురించి ఎవరైనా అడిగితే కాదనే ఇల్లాలు ఏ దేశంలోనూ ఉండదు. ‘తాగుడు ఆయన బలహీనత’ అన్న వాక్యం కొట్టేసి, అక్కడ మీ అమ్మమ్మ అయితే ఏమని ఉండేదో అది రాయి. మా అమ్మ అయితే ‘ఆయనకు చుక్క పడదమ్మా’ అనేది.

దిద్దిన ప్రతి పంపు. ఈసారి కాగితానికి ఒక వైపే రాయి, నా కళ్ళు కూడా యఖేయో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు