కిరాణా కొట్లు ప్లాస్టిక్ కవర్లు మానేయాలా? బిల్లింగ్ కౌంటర్‌లో ఆరేళ్లు పనిచేశాక నా జవాబు

కిరాణా దుకాణాలు ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం పూర్తిగా మానేయాలా, అసలది జరిగే పనేనా అని అడిగారు. మానేయాలి, జరిగే పనే. అయితే కవర్ బదులు ఇంకో రకం సంచిని అడగకుండానే చేతిలో పెట్టేస్తుంటే మానేసినట్టు కాదు. ఈ సంగతి మా దుకాణంలో అందరికీ అర్థం కావడానికి దాదాపు ఏడాది పట్టింది.

నేను ఒక సూపర్ మార్కెట్‌లో ఆరేళ్లు బిల్లింగ్ చేశాను. మొదటి నాలుగేళ్లూ కవర్లు ఉచితం. కౌంటర్ పక్కన ఇనుప కొక్కేలకు కవర్ల కట్ట వేలాడుతుండేది. ఒకటి లాగితే వెనకది కొంచెం తెరుచుకుని ముందుకు వచ్చేది. రాకపోతే వేలు తడిచేసుకుని అంచు నలిపేవాళ్లం. చేతులకు అదెంత అలవాటైపోయిందంటే, మనిషి వచ్చి నిలబడగానే ఎన్ని సరుకులున్నాయో చూడకుండానే కవర్ లాగేసేదాన్ని. ఒక్క సబ్బు కొన్నా కవరే. బరువుగా ఉంటే తెగుతుందేమోనని ఒకదానిలో ఒకటి పెట్టి రెండు. కావాలా అని నేను అడిగేదాన్ని కాదు, వద్దని వాళ్లు చెప్పేవాళ్లు కాదు.

ఒకరోజు పెద్ద వాన పడింది. దుకాణం వెనకున్న మురుగు కాలువ పొంగి నీళ్లు గోడౌన్ గడప దాకా వచ్చేశాయి. ఇద్దరు మనుషులు కాలువ మూత ఎత్తి, చివర కొక్కెం ఉన్న పొడుగాటి కడ్డీతో లోపల అడ్డం పడినదాన్ని లాగారు. చాలాసేపటికి నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. విడదీసి చూస్తే అన్నీ కవర్లే. తాడు పేనినట్టు ఒకదానికొకటి మెలిపడి, మధ్యలో ఆకులు, బురద. ఒక కవర్ మీద మా దుకాణం పేరు చక్కగా చదవడానికి వస్తోంది. నీలం రంగు అక్షరాలు, రంగు కూడా వెలిసిపోలేదు. అది నేనిచ్చిందే కావచ్చు. ఆ రోజు ఇంటికెళ్లాక కూడా ఆ ముద్దే కళ్ల ముందు కదిలింది.

తర్వాత దీని గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు తెలిసింది, బంగ్లాదేశ్ 2002లోనే పల్చటి పాలిథీన్ సంచులను దేశమంతటా నిషేధించింది. 1988, 1998 వరదలప్పుడు నీళ్లు పోయే దారులకు కవర్లు అడ్డం పడి ముంపు ఇంకా పెరిగిందన్నది అక్కడ ముఖ్యమైన కారణం. మా గోడౌన్ దగ్గర జరిగింది అదే, చాలా చిన్నగా.

ఇంకో విషయం నన్ను బాగా కదిలించింది. ఇప్పుడు మనం చూసే చేతుల బనియన్ ఆకారపు కవర్‌ను రూపొందించింది స్టెన్ గుస్తాఫ్ థులిన్ అనే స్వీడన్ ఇంజనీరు. 1960లలో సెల్లోప్లాస్ట్ అనే కంపెనీ కోసం చేశారు. కాగితం సంచుల కోసం చెట్లు నరుకుతున్నారని, గట్టిగా ఉండే ఈ సంచిని మడిచి జేబులో పెట్టుకుని జనం మళ్లీ మళ్లీ వాడతారని ఆయన అనుకున్నారట. ఆయన కొడుకే ఈ మాట చెప్పారు. మరి మేం ఇచ్చిన కవర్లు చాలావరకు దుకాణం నుంచి వంటింటి దాకా ఒక్కసారి ప్రయాణం చేసి చెత్తబుట్టలోకి వెళ్లాయి.

నాలుగేళ్ల తర్వాత యాజమాన్యం ఒక్కసారిగా కవర్లు ఆపేసింది. మేమందరం సంతోషించాం. కానీ వాటి బదులు ఉచితంగా కాగితం సంచులు, డబ్బులకు నాన్ వోవెన్ సంచులు పెట్టారు. కాగితం సంచుల సంగతి మొదటి వారంలోనే తేలిపోయింది. ఫ్రీజర్‌లోంచి తీసిన సరుకు చెమ్మకు అడుగు మెత్తబడి, ఒక పెద్దావిడ గుమ్మం దాటుతుండగానే సంచి ఊడిపోయింది. గాజు సీసా పగిలింది. ఆవిడ వంగి ముక్కలు ఏరబోతుంటే నేను పరిగెత్తాను. ఆ రోజు నుంచి కాగితం సంచులు కూడా రెండేసి ఇవ్వడం మొదలైంది.

నాన్ వోవెన్ సంచి చూడ్డానికి గుడ్డలాగే ఉంటుంది. అది పాలీప్రొపిలీన్, అంటే అదీ ప్లాస్టిక్కే. చాలామందికి ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు. ఒకావిడ వచ్చినప్పుడల్లా కొత్తది కొనేది. "ఇంట్లో ముప్పై దాకా పోగయ్యాయమ్మా, తెద్దామంటే గుర్తుండదు" అని తనే బాధపడింది.

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క వేసింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవర్‌తో పోలిస్తే, భూమిని వేడెక్కించే వాయువుల విషయంలో సమానం కావాలంటే కాగితం సంచిని కనీసం 3 సార్లు, నాన్ వోవెన్‌ను 11 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలి. నూలు సంచి అంకె చూసి నేను ఆశ్చర్యపోయాను. పత్తి పండించడంలో, దారం తీయడంలో, నేయడంలో ఆ వాయువులు అంతగా వెలువడతాయి మరి. ఈ లెక్క చూపించి "అయితే ప్లాస్టిక్కే మంచిది" అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. కాలువలో అడ్డం పడేది, జెల్లీ ఫిష్ అనుకుని సముద్రపు తాబేలు మింగేది ఆ అంకెల్లోకి రావు. 131 సార్లంటే వారానికోసారి తీసుకెళ్తే రెండున్నరేళ్లు. గట్టిగా కుట్టిన సంచికి అది కష్టమేం కాదు.

మందం పెంచితే సరిపోతుందన్న ఆలోచన కూడా నడవలేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2016లో పల్చటి కవర్లు ఆగిపోయాయి గానీ, మళ్లీ వాడుకోవచ్చని చెప్పి మందపాటి ప్లాస్టిక్ సంచులను అమ్మనిచ్చారు. జనం వాటినీ ఒక్కసారి వాడి పారేశారు. చివరికి వాటిని కూడా ఆపేందుకు 2024లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉందని ధీమా పడకండి. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి సంచిని మూడేళ్లు మట్టిలోనూ సముద్రపు నీటిలోనూ ఉంచి తీస్తే, సరుకులు మోసేంత గట్టిగానే ఉంది.

మా దగ్గర మార్పు వచ్చింది ఏడాది తర్వాత, చాలా చిన్న పనులతో. సంచులన్నీ ఎదురుగా కనబడకుండా కౌంటర్ కిందికి మార్చారు. కాగితం సంచికి కూడా డబ్బులు పెట్టారు. మేం అడిగే మాట కూడా మారింది. "సంచి కావాలా?" అంటే నూటికి తొంభై మంది ఆలోచించకుండా "ఆఁ" అనేస్తారు. "సంచి తెచ్చుకున్నారా?" అంటే ఒక్క క్షణం ఆగుతారు. కొందరు బండి దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటారు, కొందరు రెండు వస్తువులే కదా అని చేత్తో పట్టుకెళ్తారు. సరుకు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలను చదును చేసి పారేయకుండా బయటికెళ్లే దారిలో పేర్చిపెట్టాం. నెల సరుకులు కొనేవాళ్లకు అవే హాయి, చేతులు కోసుకుపోవు. ఇంకా బాగా పనిచేసింది గుమ్మం దగ్గర పెట్టిన బుట్ట. ఇంట్లో ఎక్కువైన సంచులు జనం అందులో వేస్తారు, మర్చిపోయి వచ్చినవాళ్లు తీసుకెళ్తారు. ఆ ముప్పై సంచులావిడ మొదటి వారమే ఇరవై తెచ్చి వేసింది.

డబ్బులు పెట్టడం గురించి చాలామందికి కోపం ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఐర్లాండ్‌లో 2002లో ఒక్కో కవర్ మీద 15 సెంట్లు పెడితే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మొత్తం చిన్నదే, కాకపోతే చేయి ఆగి ఆలోచించేలా చేస్తుంది.

"మరి చెత్తబుట్టలో వేసుకోవడానికి కవర్లెక్కడివి?" అని కౌంటర్‌లో రోజూ అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. కాలిఫోర్నియాలో ఆర్థికవేత్త రెబెక్కా టేలర్ దీన్నే పరిశీలించారు. కవర్లు ఆపాక చెత్త సంచులు కొనడం పెరిగి, తగ్గిన ప్లాస్టిక్‌లో దాదాపు 30 శాతం ఆ దారిలో తిరిగొచ్చింది. అంటే మిగతాది నిజంగా తగ్గినట్టే.

మీరు దుకాణం నడిపేవారైతే ఒక్క విన్నపం. ఆపే తేదీని కనీసం నెల ముందు గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మా దగ్గర పెట్టలేదు. నిర్ణయం పైవాళ్లది, తిట్లు మాత్రం కౌంటర్‌లో ఉన్న ఆడపిల్లలకు. ఆ నెలంతా డ్యూటీకి వెళ్లాలంటేనే టెన్షన్. మా పక్క కౌంటర్ అమ్మాయి రెండుసార్లు ఏడ్చింది. అలాగే చేతులు సరిగా పట్టులేని పెద్దవాళ్లు వస్తే రూల్ అని నిలదీయకండి, కౌంటర్ కింద నాలుగు గట్టి సంచులు వాళ్ల కోసం ఉంచండి. తడి కారే సరుకుకు చుట్టే పల్చటి కవర్‌కు మాత్రం మాకు సరైన దారి దొరకలేదు, అదింకా వాడుతూనే ఉన్నాం.

ఇంటి నుంచి సంచి తెచ్చుకోవడం మర్చిపోకుండా ఎలా ఉండాలో కూడా చెబుతున్నా. బయల్దేరేటప్పుడు గుర్తుంచుకోవాలని నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ఇప్పుడు ఇంటికొచ్చి సరుకులు సర్దగానే, చేయి కడుక్కోకముందే ఖాళీ సంచిని మడిచి చెప్పుల స్టాండ్ మీద పెట్టేస్తాను. చెప్పులు వేసుకోకుండా ఎలాగూ బయటికెళ్లను.