ఎలక్ట్రోడ్ పైపొరల మీద పరిశోధన: చదువుకు పనికొస్తుందా?

చెన్నై అంబత్తూరు నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎలక్ట్రోడ్ల మీద సన్నని సేంద్రియ పొరలను రసాయన బంధంతో నిలిపే పరిశోధన చేస్తానని పట్టుపడుతోంది. మేము ఎంసీఏ చేయమంటున్నాం. ఇంత చిన్న విషయాన్ని నమ్ముకోవచ్చా?"

అయ్యా, నమస్కారం. ఆ అంశం పేరు ఇరుకుగా వినిపించే మాట నిజమే, కానీ దాన్ని చేసేవారికి అబ్బే పనితనం ఇరుకైనది కాదు. మీ అమ్మాయి దేని మీద మనసు పెట్టిందో ముందు మీకు తెలియాలి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

విద్యుత్తు తీగ నుంచి ద్రావణంలోకి దిగే రేవు ఎలక్ట్రోడ్. ఆ రేవులోకి ఏ అణువును రానివ్వాలి, దేన్ని దూరంగా ఉంచాలి అన్నది దాని పైపొరను బట్టి ఉంటుంది. పొరను ఊరికే పూస్తే కడిగినప్పుడు ఊడిపోవచ్చు; అందుకే దాన్ని సమయోజనీయ బంధంతో, అంటే అణువులు ఎలక్ట్రాన్లను పంచుకొని కట్టే గట్టి రసాయన బంధంతో నిలపాలని శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. 1975లో అమెరికాలో రాయిస్ మర్రే బృందం టిన్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌కు సిలేన్ అనే సిలికాన్ సమ్మేళనపు అణువులను బంధించింది. 1992లో ఫ్రాన్స్‌లో పిన్సన్, సవేయాన్ల బృందం డయజోనియం లవణంతో బెంజీన్ వలయాలను నేరుగా కార్బన్‌కే బంధించింది.

డయజోనియం అన్న మాట మీ అమ్మాయికి కొత్త కాదు. అనిలిన్‌ను ఆమ్లంలో, మంచు మీద ఉంచి, సోడియం నైట్రైట్ కలిపి, బీటా నాఫ్తాల్‌తో ఎర్రటి రంగు తెప్పించే ప్రయోగం చాలా బీఎస్సీ ల్యాబ్ రికార్డుల్లో ఉంటుంది. రంగు తెప్పించే బదులు ఆ లవణాన్ని ఎలక్ట్రోడ్ మీద క్షయకరణం చేస్తే, అంటే దానికి ఎలక్ట్రాన్ అందిస్తే, అది ఒక ఎలక్ట్రాన్ తీసుకొని, నైట్రోజన్‌ను వాయువుగా వదిలేసి, మిగిలిన ఎరైల్ రాడికల్‌గా (జత లేని ఎలక్ట్రాన్‌తో చురుగ్గా ఉండే బెంజీన్ వలయంగా) కార్బన్ ఉపరితలాన్ని పట్టుకుంటుంది. వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే సైక్లిక్ వోల్టామెట్రీలో మొదటి చుట్టులో కనిపించే క్షయకరణ శిఖరం రెండో చుట్టుకు దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే అప్పటికే పొర ఏర్పడి ఉపరితలాన్ని కప్పేసి ఉంటుంది. ఇది చూసి పని సులువనుకుంటే పొరపాటు. రాడికల్ ఆగకుండా అప్పటికే అతుక్కున్న వలయాల మీద కూడా దాడి చేస్తుంది కనుక ఒక్క అణువు మందం ఉండాల్సిన పొర అనేక నానోమీటర్లు పెరిగిపోవచ్చు, మందం ఎక్కువైతే ఎలక్ట్రాన్ల రాకపోకలు మందగిస్తాయి. అదుపు చేయడానికి రోజుల తరబడి అల్యూమినా పొడితో ఎలక్ట్రోడ్‌ను అద్దంలా మెరుగు పెట్టడం, పొర లేని ఎలక్ట్రోడ్‌తో పోల్చి చూడడం, ఎలక్ట్రాన్లు పొర దాటుతున్నాయో లేదో ఫెర్రిసయనైడ్ అనే లవణంతో పరీక్షించడం, మళ్ళీ మొదలు పెట్టడం తప్పదు. ఈ ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో మార్కుల కన్నా ఇది పెద్ద విషయం.

ఉద్యోగాల మాటకు వస్తే, ఈ ఒక్క అంశం పేరుతో ప్రకటనలు వస్తాయని నేను చెప్పలేను. కానీ ఎలక్ట్రోడ్ వోల్టేజీని అదుపులో ఉంచి ప్రవాహాన్ని కొలిచే పొటెన్షియోస్టాట్ పరికరంతో నమ్మకంగా కొలవగలిగినవారికి, ఉపరితలాన్ని పరీక్షించి అక్కడ ఏముందో చెప్పగలిగినవారికి బ్యాటరీలు, తుప్పు నివారణ, నీటి నాణ్యత సెన్సార్లు, వైద్య పరీక్షా పరికరాల రంగాలన్నిటిలోనూ పని ఉంటుంది. షుగర్ పరీక్ష స్ట్రిప్ కూడా ఎలక్ట్రోడ్ మీద ఎంజైము పొర ఎండబెట్టి తయారైనదే. అయితే పరిశోధన స్థాయి పదవులకు పీహెచ్‌డీ అవసరమవుతుంది, దానికి ఎమ్మెస్సీ తర్వాత ఐదేళ్ళ దాకా పట్టవచ్చు. ఆ కాలానికి మీ ఇల్లు సిద్ధంగా ఉందో లేదో దాచుకోకుండా మాట్లాడుకోండి. జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000 రూపాయలు ఇస్తున్నారు కనుక మీ మీద భారం పూర్తిగా పడదు.

ఎమ్మెస్సీని మాత్రం ఇంత సన్నని అంశానికి కట్టేయకండి. జనరల్ లేదా ఫిజికల్ కెమిస్ట్రీలో చేరి, ప్రాజెక్టు కోసం ఇటువైపు రావడం మేలు. ఐఐటీ మద్రాసులో ఎమ్మెస్సీకైనా, బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకైనా జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష దారి. విద్యుత్ రసాయనశాస్త్రానికే అంకితమైన సెక్రి సంస్థ కారైక్కుడిలో ఉంది, దాని శాఖ ఒకటి మీ ఊళ్ళోనే తారామణిలో ఉంది. ఎంసీఏ మీద నాకు వ్యతిరేకత లేదు, కానీ అది తర్వాత కూడా చేరగలిగిన చదువు. ల్యాబ్‌లో చేయి తిరగడం మధ్యలో వదిలేస్తే తిరిగి అందుకోవడం కష్టం.

ఈ లోపు ఆమెకు ఒక పని చెప్పండి. కాలేజీలో పొటెన్షియోస్టాట్ ఉంటే చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా ఒక కార్బన్ ఎలక్ట్రోడ్ మీద పొర కట్టి చూడమనండి. లేకపోతే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ మరో రెండు అకాడమీలతో కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు ల్యాబ్‌లో గడిపి వచ్చాక కూడా ఆమె ఇదే మాట మీద ఉంటే, జామ్ దరఖాస్తు రుసుము సంతోషంగా కట్టండి.