‘కణాలకు శక్తినిచ్చే పొడి’ వాడుతూ షుగర్ మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 500 ఉదయం, రాత్రి, గ్లిమెపిరైడ్ 1 ఉదయం వేసుకుంటున్నాను. ఈమధ్య విపరీతమైన నీరసం. రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పోయిన నెల పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ 8.1, హిమోగ్లోబిన్ 9.4 వచ్చాయి. మా తోటికోడలు ఏదో కంపెనీలో చేరి ఒక పొడి అమ్ముతోంది. షుగర్ మాత్రలు పైపైనే పనిచేస్తాయని, ఈ పొడి నేరుగా కణంలోకి వెళ్లి మైటోకాండ్రియాను చార్జ్ చేస్తుందని, కణాల్లో పేరుకున్న విషాలను కడిగేస్తుందని అంటోంది. మాత్రలు ఆపేసి, మొదటి రెండు రోజులు జ్యూసులు మాత్రమే తాగి మొదలుపెట్టాలట. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకం తీసి చూపించింది. అందులోనూ మైటోకాండ్రియా అంటే కణంలో శక్తి తయారయ్యే చోటనే ఉంది. అంటే ఆవిడ చెప్పేది నిజమేనా? వాడమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

సలహా: ముందు ఒక్క మాట. మాత్రలు ఆపకండి. మాత్రలు ఆపి పళ్లరసాలు తాగితే షుగర్ అమాంతం పెరిగిపోతుంది. పోనీ మాత్ర వేసుకుని తిండి మానేద్దామంటే గ్లిమెపిరైడ్ ఊరుకోదు. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. దాంతో రక్తంలో షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలై మనిషి పడిపోయే దాకా వెళ్లొచ్చు. కాబట్టి ఆ రెండు రోజుల ఉపవాసం మీకు ఏ రకంగానూ పనికిరాదు.

ఇక పొడి సంగతి. మీ తోటికోడలు చెప్పినదాంట్లో సగం నిజమే. చిక్కంతా అక్కడే వస్తుంది. పూర్తిగా అబద్ధమైతే మీకు అనుమానం వచ్చి వదిలేసేవారు. టైప్ 2 షుగర్ కణాల దగ్గర వచ్చే జబ్బేనన్నది నిజం. మైటోకాండ్రియాలో శక్తి తయారవుతుందన్నదీ నిజం. కానీ అక్కడి నుంచి ‘కాబట్టి ఈ పొడి తాగండి’ అనే మాటకు దారి లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కణంలో ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

మీ అమ్మాయి పుస్తకంలో కణం బొమ్మ ఉంటుంది కదా. చుట్టూ పొర, మధ్యలో కేంద్రకం, అక్కడక్కడ మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జీ, లైసోజోములు. పాఠం చెప్పడానికి ఆ బొమ్మ బాగానే పనికొస్తుంది గానీ, ఒంట్లో అచ్చం అలాంటి కణం వెతికితే దొరకదు. కండరంలోని కణం పొడుగ్గా దారంలా ఉంటుంది, దానికి కేంద్రకాలు చాలా ఉంటాయి. నడుము దగ్గర వెన్నులో మొదలై కాలి బొటనవేలి దాకా సాగే నరాల కణాలున్నాయి, ఒక్కొక్కటి దాదాపు మీటరు పొడవు. మనిషి ఒంట్లో మొత్తం కణాలు 30 లక్షల కోట్ల దాకా ఉంటాయని అంచనా. సంఖ్యలో చూస్తే వాటిలో 80 శాతానికి పైగా ఎర్రరక్తకణాలే. వీటికి కేంద్రకమూ ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండవు. ‘ప్రతి కణంలోని మైటోకాండ్రియాను చార్జ్ చేస్తాం’ అని డబ్బా మీద రాసి ఉంటే ఈ సంగతి మీ అమ్మాయి చేతే చెప్పించండి.

మీ నీరసానికి నేరుగా సంబంధం ఉన్నది శక్తి తయారీ. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అది కణంలోకి వెళ్లాక ముందు కణద్రవ్యంలో సగానికి విరుగుతుంది. ఆ దశలో దక్కే శక్తి కొంచెమే, ఒక్కో గ్లూకోజు అణువుకు రెండు ఏటీపీ (కణం ఖర్చు పెట్టుకునే శక్తి రూపం) అణువులు. ఆ విరిగిన ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్లి, ఆక్సిజన్ సాయంతో పూర్తిగా ఖర్చయితే మొత్తం 30 దాకా వస్తాయి. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, మూత్రపిండం ఉప్పును వెనక్కి లాగాలన్నా ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. దీన్ని కనిపెట్టినవారిలో ఒకరు మీ జిల్లావారే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ సంగతి బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఏటీపీ పేరు చెప్పి పొడులు అమ్మేవాళ్లలో ఎందరికి ఈయన పేరు తెలుసో మరి!

ఏటీపీని కణం దాచుకోలేదు. రెక్కాడితే గాని డొక్కాడని సంసారం లాంటిది దాని పరిస్థితి. ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాలి, ఎప్పటికప్పుడు ఖర్చు పెట్టుకోవాలి. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది చాలా తక్కువే అయినా, రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యేది దాదాపు మన బరువంత ఉంటుందని లెక్క. పైగా ఏ కణం ఏటీపీ ఆ కణంలోనే తయారవ్వాలి. బయటి నుంచి పంపలేం. నోట్లో వేసుకున్నది ఏదైనా సరే పొట్టలో, పేగుల్లో విరిగి, రక్తంలో కలిసి, లివర్ గుండా పోవాల్సిందే. ‘నేరుగా కణంలోకి వెళ్లే పొడి’ అనేది ఉండదు.

ఆ లెక్కన మైటోకాండ్రియాకు కావలసినవి ముఖ్యంగా రెండు: గ్లూకోజు, ఆక్సిజన్. మీ రిపోర్టు చూస్తే ఆ రెండిటికీ ఇబ్బంది ఉంది.

గ్లూకోజు సంగతి చూద్దాం. కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థంతో రెండు వరుసలుగా ఏర్పడింది. నీళ్లలో కరిగే గ్లూకోజు ఆ కొవ్వును దాటి తనంతట తాను లోపలికి పోలేదు. తీసుకెళ్లడానికి కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. కండరాల్లో, కొవ్వు కణాల్లో ఈ ప్రోటీన్లు మామూలుగా పొర మీద ఉండవు, కణం లోపల చిన్న చిన్న తిత్తుల్లో ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి పొర మీది గ్రాహకాన్ని తాకితే, లోపల వరసగా సంకేతాలు కదిలి, ఆ తిత్తులు పైకి వచ్చి పొరలో కలుస్తాయి. అప్పుడు గ్లూకోజు లోపలికి పోతుంది. టైప్ 2 షుగర్‌లో ఈ సంకేతం మందగిస్తుంది. ఇన్సులిన్ ఉన్నా తిత్తులు సరిగ్గా పైకి రావు. రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది, కండరానికి మాత్రం అందాల్సినంత అందదు. ఒంట్లో షుగర్ ఎక్కువై కూడా మనిషి నీరసపడటానికి ఇదొక కారణం.

కొంతకాలం దాకా క్లోమంలోని బీటా కణాలు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి నెట్టుకొస్తాయి. ఆ తయారీ కూడా చూడముచ్చటగా ఉంటుంది. కేంద్రకంలోని డీఎన్ఏ నుంచి ఇన్సులిన్ తాలూకు నకలు బయటికి వస్తుంది. రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్ గొలుసు అల్లుతాయి. అంతర్జీవద్రవ్య జాలకంలో (కణంలోని పొరల వలలో) అది మడతలు పడి ఆకారం దిద్దుకుంటుంది. గాల్జీ దాటాక చిన్న సంచుల్లో చేరి, అక్కడ మధ్య ముక్క తెగిపోయి అసలు ఇన్సులిన్ మిగులుతుంది. రక్తంలో గ్లూకోజు పెరిగినప్పుడు ఆ సంచులు పొర దగ్గరికి వచ్చి తెరుచుకుంటాయి. మీరు వేసుకుంటున్న గ్లిమెపిరైడ్ పనిచేసేది సరిగ్గా ఇక్కడ, బీటా కణం పొర మీద. మెట్‌ఫార్మిన్ అయితే లివర్ కణాల్లోకే వెళ్లి, రాత్రంతా లివర్ అనవసరంగా తయారు చేసే చక్కెరను తగ్గిస్తుంది. అది పనిచేసే చోట్లలో మైటోకాండ్రియా కూడా ఒకటి. కణంలోకి వెళ్లి పనిచేసే మందు కావాలంటే, ఆరేళ్లుగా మీరు వేసుకుంటున్నదే అది!

మాత్రలు ఎందుకు ఆపకూడదో చెప్పే సంగతి ఇంకొకటుంది. కంటి రెటీనాలోని సన్నటి రక్తనాళాల కణాలు, నరాలు, మూత్రపిండాల్లోని కొన్ని కణాలు గ్లూకోజును తీసుకోవడానికి ఇన్సులిన్ కోసం ఆగవు. రక్తంలో ఎంత ఎక్కువుంటే వాటిలోకి అంత ఎక్కువగా పోతుంది. వద్దనే వీలు వాటికి లేదు. షుగర్ మొదట కళ్లను, కిడ్నీలను, పాదాల నరాలను పట్టుకోవడానికి ఇదొక పెద్ద కారణం. నెలల తరబడి ఈ నష్టం నొప్పి లేకుండానే జరుగుతుంది.

ఇక ఆక్సిజన్. దాన్ని మోసేది ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్. మీకది 9.4 ఉంది. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అందరికీ ఉంది కదా అని మనం దీన్ని జబ్బుగానే లెక్కచేయం. హాస్పిటల్‌కి వచ్చేవాళ్లు కూడా ‘షుగర్ సంగతి చూడండి, రక్తం తక్కువన్నది మామూలే’ అంటుంటారు. మీ నీరసంలో, మెట్లెక్కేటప్పటి ఆయాసంలో దీనిదే పెద్ద వాటా అయ్యుండొచ్చు. మీకు లోటు ఆక్సిజన్ మోసే దగ్గర కనిపిస్తుంటే మైటోకాండ్రియాను చార్జ్ చేసి లాభమేమిటి?

మీ రిపోర్టులో ఇంకో మెలిక ఉంది. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ రక్తంలోని చక్కెర కొద్దికొద్దిగా దాని హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటూ ఉంటుంది. అలా అతుక్కున్న భాగం ఎంత శాతమో చెప్పేదే హెచ్‌బీఏ1సీ. రెండు మూడు నెలల సగటు అని మేం చెప్పేది ఇందుకే. అయితే ఐరన్ లోపం ఉంటే ఈ అంకె ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి మీ 8.1లో కొంత రక్తహీనత వల్ల కూడా పెరిగి ఉండొచ్చు. షుగర్ అదుపులోనే ఉందని దీనికి అర్థం కాదు. మందులు మార్చే ముందు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసిన అంకెలు కూడా పక్కన పెట్టుకోవాలి. ఓ పది రోజులు ఇంట్లో గ్లూకోమీటరుతో చూసి కాగితం మీద రాసుకోండి.

రక్తం ఎందుకు తగ్గిందో కనుక్కోవాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందా? ఈ వయసులో అది చాలా మామూలు, కానీ ఎవరూ తమంతట తాము చెప్పరు. పూర్తి రక్తపరీక్షతో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చేయించండి. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. దానివల్ల రక్తహీనతా వస్తుంది, కాళ్లలో తిమ్మిర్లూ వస్తాయి. దానికి మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు, బీ12 ఇస్తే చాలు. ఐరన్ మాత్ర రాస్తే టీ, కాఫీలతో కలిపి వేసుకోవద్దు. వాటికీ మాత్రకూ కనీసం గంట ఎడం ఉండాలి. రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఈ ఏడాది చేయించకపోయి ఉంటే అవీ కలిపి చేయించుకోండి.

‘విషాలను కడగడం’ గురించి ఎక్కువ చెప్పను. పాడైన భాగాలను విరగ్గొట్టి మళ్లీ వాడుకునే ఏర్పాటు ప్రతి కేంద్రకమున్న కణంలోనూ ఉంది. ఆ పని లైసోజోములు చూస్తాయి. ఈ ప్రక్రియ ఎలా నడుస్తుందో ఈస్ట్ కణాల్లో కనిపెట్టినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆ నోబెల్ మాట చెప్పి ఉపవాసాలు, పొడులు అమ్మేస్తున్నారు. ఈస్ట్‌లో కనిపెట్టినదాన్ని గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషికి అలా అతికించేస్తే ఎలా?

మైటోకాండ్రియా బాగుపడాలని నిజంగా అనుకుంటే చవకైన దారి ఒకటుంది. కండరం కదిలినప్పుడు, నేను పైన చెప్పిన తిత్తులు ఇన్సులిన్‌తో పని లేకుండానే పొర మీదికి వస్తాయి. ఇన్సులిన్ సంకేతం మందగించిన వాళ్లలోనూ ఈ రెండో దారి పనిచేస్తుంది. అన్నం తిన్నాక ఓ పావుగంట నడిస్తే తొడల్లో, పిక్కల్లో జరిగేది అదే. నెలల తరబడి చేస్తే కండరాల్లో మైటోకాండ్రియా సంఖ్య కూడా పెరుగుతుంది. కాకపోతే మీరు ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ఆయాసం సంగతి తేలాక, రక్తం కాస్త పుంజుకున్నాక, ఇంటి ముందు నెమ్మదిగా నడవడంతో మొదలుపెట్టండి.

పొడి ఇప్పటికే కొనేసి ఉంటే డబ్బా తిప్పి చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ) నంబరుంటే అది ఆహార పదార్థంగా తీసుకున్న లైసెన్సు, మందుగా అనుమతి కాదు. ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ఓ మూల చిన్న అక్షరాల్లో ఉండాలి. కంపెనీవాళ్లే రాసిన ఆ మాటను మీ తోటికోడలికి చూపిస్తే చాలు, గొడవ పడనక్కర్లేదు. షుగర్ తగ్గిస్తామనే కొన్ని పొడుల్లో అల్లోపతి షుగర్ మందులు కలిపేసిన సందర్భాలు బయటపడ్డాయి. అలాంటివి మీ మాత్రల మీద పడితే లో షుగర్ అవుతుంది. ఇప్పటికే తాగుతుంటే ఆ డబ్బా కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చివరిగా, ఆయాసాన్ని మొత్తం రక్తహీనత మీదకి నెట్టేయకూడదు. షుగర్ ఉన్న ఆడవాళ్లలో గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగా, నీరసంగా కూడా మొదలవ్వొచ్చు. ఈ వారంలోనే ఈసీజీ తీయించుకోండి, డాక్టరు చెబితే ఎకో (గుండె స్కానింగ్) కూడా. ఈలోగా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, చల్లటి చెమటలు పట్టినా, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.