పంపు దించే ముందు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను చూడండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. మీ నాయన నడిపేది పదేళ్లు దాటిన లారీ, పాత మెకానికల్ పంపు బండి. రాత్రి పలమనేరులో నిలిపితే పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోవడం లేదు. హ్యాండ్ పంపు (చేత్తో లైనులోకి డీజిల్ తోడే చిన్న పంపు) ఇరవై ముప్పై సార్లు కొట్టాక అందుకుంటుంది. ఆ తర్వాత ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజను ఆడేటప్పుడు) స్పీడు పైకీ కిందికీ ఊగుతుంది, ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. మెకానిక్ చూసి ఎఫ్ఐ పంపు (సిలిండర్లకు డీజిల్ కొట్టే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు) దించాల్సిందే అన్నాడు. దించమనాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. హ్యాండ్ పంపు కొడితే స్టార్ట్ అవుతోందన్న ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది. పంపు అరిగిపోయి ఉంటే చేత్తో డీజిల్ తోడి పెట్టినంత మాత్రాన అది బాగుపడదు. రాత్రంతా నిలబడ్డ బండిలో లైనులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. అది జారాలంటే దాని చోట గాలి రావాలి. ఆ గాలి ఎక్కడో ఒకచోట దూరుతోంది. ముందు ఆ చోటు పట్టుకోవాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 వేసవిలో నా పని మదనపల్లె మండీలో టమోటా ఎత్తుకొని చెన్నై కోయంబేడుకు పోవడం, వచ్చేటప్పుడు ఇనుప కమ్మీలో మరొకటో దొరికితే వేసుకొని రావడం. పోయేటప్పుడు బండి బంగారంలా పోయేది. వచ్చేటప్పుడు చంద్రగిరి దాటి భాకరాపేట కనుమ ఎక్కుతుంటే నాలుగు మలుపులు తిరగకముందే గుంజుకొని గుంజుకొని ఆగేది. క్లీనర్ దూకి టైర్ల కింద రాళ్లు పెట్టేవాడు, నేను హ్యాండ్ పంపు కొట్టేవాణ్ణి, ఇంకో రెండు కిలోమీటర్లు పోయేది. వెనక బస్సులు, తిరుమల నుంచి తిరిగిపోయే కార్లు వరసకట్టేవి. ఆ కనుమలో రాత్రిపూట లోడు బండి మలుపులో ఆగితే ఎంత భయమో నడిపినవాళ్లకు తెలుసు.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే పంపు పోయిందన్నారు. దించి, కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చి 18,000 రూపాయలు కట్టాను. మూడు రోజులు బండి నిలిచింది, ఆ మూడు రోజుల కిరాయీ పోయింది. మళ్లీ ట్రిప్పు పోయి వస్తే అదే కనుమలో అట్లే ఆగింది.

అప్పుడు తిరుపతిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. “ఆగినప్పుడల్లా ట్యాంకులో డీజిల్ ఎంత ఉండిందప్పా?” అని అడిగాడు. నేను ఆ లెక్కే పెట్టుకోలేదు. ఆలోచిస్తే తెలిసింది. మదనపల్లెలో ఫుల్ చేసుకొని పోతాను, తిరిగి తిరుపతి చేరేసరికి సగానికి కిందికి వచ్చి ఉంటుంది. ప్రతిసారీ అంతే.

ఆయన ఐదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, కేబిన్ పక్కన ఎత్తులో కట్టి, ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఎఫ్ఐ పంపుకు పంపే ఫీడ్ పంపుకు వచ్చే పైపు ఊడదీసి క్యానులోంచి కొత్త రబ్బరు పైపు తగిలించాడు. లైనులోని గాలి (ఎయిర్) తీసి స్టార్ట్ చేశాడు. అరగంట ఐడ్లింగ్‌లో వదిలితే ఇంజను స్పీడు ముల్లు కదలలేదు, గొంతు మారలేదు. తర్వాత ట్యాంకు పైన నాలుగు బోల్టులు విప్పి లోపల డీజిల్ పీల్చే సక్షన్ పైపు బయటికి తీశాడు. కింది చివర బొటనవేలితో మూసి, నీళ్ల బకెట్‌లో ముంచి, పై చివర నోటితో ఊదాడు. సగం ఎత్తు దగ్గర, తుప్పు పొర కింద నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి వరసగా పైకి వచ్చాయి. సూది మొనంత రంధ్రం అది. డీజిల్ దానికి పైన ఉన్నంతసేపు రంధ్రంలోంచి లాగినా డీజిలే వచ్చేది. మట్టం కిందికి దిగగానే గాలి లాగేది. లోడుతో ఎత్తెక్కేటప్పుడు ఇంజను డీజిల్ ఎక్కువ అడుగుతుంది కాబట్టి కనుమలోనే బయటపడేది. ఆ పైపుకు గ్యాసు వెల్డింగు పెట్టించడానికి 150 రూపాయలు అయింది. ఒక్క జాగ్రత్త: పైపు బయటికి తీశాక, దూరంగా తీసుకుపోయి పెట్టించాలి. ట్యాంకుకే వెల్డింగు పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

అర్థం కావాల్సింది ఒకటుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను పీల్చే లైను. అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అందుకే ఇంజను తిరిగేటప్పుడు అక్కడ చిల్లి ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా తడి లేదు కాబట్టి లీకు లేదని మెకానిక్ అంటే ఆ మాట ఫీడ్ పంపు తర్వాతి లైనుకే చెల్లుతుంది. అక్కడ ఒత్తిడి ఉంటుంది, లీకైతే చెమ్మ కనబడుతుంది. ట్యాంకు వైపు పీల్చే లైను పొడిగా ఉంటూనే మోసం చేస్తుంది.

ఐడ్లింగ్ ఊగడానికీ ఇదే కారణం కావచ్చు. బుడగ వచ్చినప్పుడు సిలిండరుకు డీజిల్ తగ్గి స్పీడు పడిపోతుంది. ఇంజను స్పీడును నిలకడగా ఉంచే గవర్నరు అది చూసి డీజిల్ పెంచుతుంది. అంతలో బుడగ దాటిపోతుంది, స్పీడు ఎగురుతుంది, గవర్నరు మళ్లీ తగ్గిస్తుంది. గవర్నరు తన పని తాను చేస్తోంది. దాని స్క్రూలు తిప్పి స్లో స్పీడ్ పెంచితే జబ్బు కొన్నాళ్లు దాగుతుంది, అంతే. దయచేసి ఆ స్క్రూలు ఎవర్నీ తిప్పనివ్వకండి.

మీ నాయనతో రేపు చేయించాల్సింది మొదట క్యాను పరీక్షే. దానికి పైపు, రెండు క్లిప్పులు, ఐదు లీటర్ల డీజిల్ చాలు. క్యాను మీద బండి నిలకడగా ఆడితే పంపు మంచిదే, తప్పు వెనక, ట్యాంకు వైపు లైనులో ఉంది. క్యాను మీద కూడా ఊగితే తప్పు ఫీడ్ పంపు నుంచి ఇంజను వైపు ఉంది. వెనక అని తేలితే ఫీడ్ పంపుకు వచ్చే చోట డీజిల్‌కు పనికొచ్చే పారదర్శక పైపు జానెడు ముక్క కలపండి. ఇంజను ఆడుతుంటే బుడగలు కంటికే కనబడతాయి. తర్వాత ఒక్కో జాయింటుకూ చుట్టూ గ్రీజు దట్టంగా పూసి చూడండి. ఏ జాయింటుకు పూసినప్పుడు బుడగలు ఆగాయో అదే దొంగ.

ఎక్కువగా దొరికే చోట్లు చెబుతాను. రబ్బరు పైపు క్లిప్పు కిందే చీలుతుంది, పైకి కనబడదు, వంచి చూడాలి. బంజో బోల్టు (మధ్యలో డీజిల్ పోయే బొక్క ఉన్న బోల్టు) కింద కాపర్ వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి, మళ్లీ వేస్తే కూర్చోవు. కొత్తవి వేయండి. దారిలో దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది, ఇల్లు చేరేదాకా పని చేస్తుంది. నీళ్లు వేరుచేసే ప్రీ ఫిల్టరు గిన్నెకుండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు), దాని కింద డ్రెయిన్ ప్లగ్గు కూడా చూడండి. ఫిల్టర్లు మార్చిన తర్వాతే ఈ జబ్బు మొదలైతే అక్కడే ముందు చేయి పెట్టండి. ఇక హ్యాండ్ పంపే దొంగ కావచ్చు. దాని లోపలి సీలు అరిగితే పిడి పక్కనుంచే గాలి పీలుస్తుంది. రోజూ ముప్పైసార్లు కొడుతుంటే అది ఇంకా తొందరగా అరుగుతుంది.

ట్యాంకు మూత సంగతి చాలామంది మరిచిపోతారు. మూత వదులైందని ప్లాస్టిక్ కవరు కట్టి బిగిస్తారు, గాలి దారి మూసుకుపోతుంది. బండి అరగంట పోయి ఆగుతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది. మీది పొద్దున్నే మొండికేసే రకం కాబట్టి ఇది కాకపోవచ్చు, అయినా చూడటానికి నిమిషం పట్టదు.

లీకు సరిచేశాక ఎయిర్ పూర్తిగా తీయండి. ఫిల్టరు పైన బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, నురగ పోయి గడ్డకట్టిన నెయ్యి కరిగినట్టు నున్నగా డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, కారుతుండగానే బిగించాలి. తర్వాత ఎఫ్ఐ పంపు మీద స్క్రూ దగ్గర కూడా అంతే.

సెల్ఫ్ బాగానే తిరుగుతోందని రాశారు, అయినా పలమనేరు చలికి డిసెంబరులో బ్యాటరీలు కుంటుపడతాయి కాబట్టి మీటరు ఉంటే ఒకసారి పెట్టండి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టుల బండి. నిలబడి ఉన్నప్పుడు 25 వోల్టుల దాకా ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 19 వోల్టుల కిందికి పడిపోకూడదు. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ కేబులు తుప్పు పట్టిందని అర్థం. డీజిల్ ఇంజనుకు స్పార్కు లేదు, గాలిని నొక్కితే పుట్టే వేడితోనే మండాలి. నెమ్మదిగా తిరిగితే ఆ వేడి పుట్టదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సరు వైపు ఒకరిని నిలబెట్టండి. పొగే రాకపోతే డీజిల్ లోపలికి పోవడం లేదు. తెల్లపొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ పోతోంది కానీ మండటం లేదు, అది వేరే దారి: కంప్రెషనో, డీజిల్ చిమ్మే టైమింగో, నాజిళ్లో.

పంపు ఎప్పుడు దించాలంటే, క్యాను పరీక్షలో శుభ్రమైన డీజిల్ బుడగ లేకుండా పోతూ కూడా బండి ఊగితే. అప్పుడు కూడా ముందు నాజిళ్లు చూడండి. ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిలు పైపు నట్టును గుడ్డ కప్పి కొంచెం వదులు చేసి చూస్తే, ఏ సిలిండరుకు వదులు చేసినప్పుడు శబ్దం మారలేదో ఆ సిలిండరు పని చేయడం లేదు. ఆయిలు గేజి తీసి చూడండి. మట్టం పెరిగి, ఆయిలు పల్చబడి, డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు గానీ ఎఫ్ఐ పంపు గానీ లోపల కారుతోంది. అప్పుడు దించడం న్యాయమే, ఆలస్యం చేస్తే బేరింగులు పోతాయి.

ఇది చదివే వేరేవాళ్లకు ఒక మాట. ఈ నట్టు వదులు చేసే పని మెకానికల్ పంపు బండికే. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్-6 బండ్లలో, కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చే ఒకే పైపు) ఉన్న అంతకు ముందు బండ్లలో ఆ పైపుల జోలికి పోకండి. ఆ కామన్ రైల్ పైపులో ఒత్తిడి 1,600 బార్, ఇంకా పైన కూడా ఉంటుంది. సన్నటి ధార చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. పోతే పైకి చిన్న గాయమే కనబడుతుంది, కానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే చెయ్యి దక్కకపోవచ్చు. ఆ బండ్లకు కూడా ట్యాంకు వైపు లైను తనిఖీ మాత్రం ఇదే, కొత్త ఫిల్టరులో డీజిల్ పోయకుండా హ్యాండ్ పంపుతోనే నింపాలి.

మీ నాయన ఈ బండి మీదే ఇల్లు నడుపుతున్నారని రాశారు. అందుకే ఇంత పొడుగ్గా రాశాను. రేపు పొద్దున బండి ముట్టుకోకముందు ట్యాంకులో శుభ్రమైన కర్ర ముంచి తడి ఎంత దూరం ఉందో కొలిచి రాసుకోండి. అందుకోని రోజుల్లో మట్టం ఎంత ఉందో, ఫుల్ ట్యాంకుతో నిలిపిన రాత్రి మర్నాడు ఎట్లా అందుకుందో గుర్తుంటే ఇక్కడ రాయండి. ఆ లెక్క చూస్తే సక్షన్ పైపు తీయాలో, ముందు ప్రీ ఫిల్టరు గిన్నె విప్పాలో చెబుతాను.